స్టేటస్‌లో మేనమామ ఫోటో, తమ్ముడి చేతికి మెమో

సంగం అక్క
రాత్రి 9.12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా తమ్ముడు నెల్లూరు జిల్లాలోనే కానిస్టేబుల్. ఏ స్టేషనో చెప్పను, అడగొద్దు. ఆరేళ్ల సర్వీసు, ఇంతవరకు ఒక్క మచ్చ లేదు. మా మేనమామ మండలంలో ఒక పార్టీకి పెద్ద దిక్కు. జడ్పీటీసీకి నిలబడాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. పోయిన ఆదివారం ఊళ్లో ర్యాలీ తీశాడు. మావాడు దానికి పోలేదు, ఆ రోజు సెంట్రీ డ్యూటీ. అత్తయ్య ఫ్యామిలీ గ్రూపులో మామయ్య ఫోటో పెడితే వాడు దాన్ని తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. కింద రాసింది రెండే మాటలు, 'మా మామయ్య' అని. పక్కన ఒక దండం బొమ్మ. కానీ ఫోటోలో మామయ్య మెడలో కండువా ఉంది. కొంప ముంచింది ఆ కండువానే.

నాలుగింటికి పెట్టాడు. ఏడింటికి స్టేషన్ రైటర్ ఫోన్ చేసి "ముందు అది తీసెయ్ అబ్బయ్యా" అంటే తీసేశాడు. ఆ మూడు గంటల్లో 143 మంది చూశారు. వాళ్లలో ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. మర్నాడు రోల్‌కాల్ కాగానే మెమో చేతిలో పెట్టారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. వాడేమో ఫోన్‌లో కాంటాక్టులు ఒక్కొక్కటే కిందికి జరుపుకుంటూ ఎవడై ఉంటాడా అని కూర్చున్నాడు. "మామను మామ అన్నానక్కా, ఓటెయ్యమని అన్నానా?" అంటున్నాడు. వాడన్నది తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి.


కావలి కుర్రోడు
రాత్రి 9.31

ఇదెక్కడి చోద్యం అక్కా! సొంత మేనమామ ఫోటో పెట్టుకోవడం కూడా నేరమైతే ఇక పెళ్లి ఫోటోలు కూడా ఎస్పీ ఆఫీసుకు చూపించి పెట్టుకోవాలా? వాక్ స్వాతంత్ర్యం రాజ్యాంగం అందరికీ ఇచ్చింది. మెమో మీద కోర్టుకు పోండి, నేనైతే అదే చేస్తా.


కోర్టు వరండా
రాత్రి 10.05

కావలి తమ్ముడూ, నీ ఆవేశం బాగుంది. కానీ ఆ రాజ్యాంగంలోనే 33వ అధికరణం అని ఒకటుంది. సైన్యానికి, శాంతిభద్రతలు చూసే బలగాలకు ప్రాథమిక హక్కులు ఎంతవరకు వర్తించాలో పార్లమెంటు కుదించవచ్చని అందులో రాసి ఉంది. దాన్ని పట్టుకుని 1966లో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం తెచ్చారు. రాజకీయ సంఘాల్లో అనుమతి లేకుండా సభ్యత్వం ఉండకూడదు, రాజకీయ సభల్లో మాట్లాడకూడదు, ప్రదర్శనల్లో పాల్గొనకూడదు, అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కకూడదు. పూర్తిగా సాహిత్యం, కళ, శాస్త్రం అయితే రాసుకోవచ్చు. మీరితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఢిల్లీ పోలీసుల సంఘం ఈ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా పోయింది. 1986లో కోర్టు చట్టం చెల్లుతుందని చెప్పి పంపేసింది.

ఒంగోలులో ఇరవై ఏళ్లుగా ఈ సర్వీసు కేసులు చూస్తున్నాను. మెమోకి ఎవరూ కోర్టుకు పోరు. అది శిక్ష కాదు, ప్రశ్న మాత్రమే. జవాబివ్వాలి.

ఇక అక్కగారి తమ్ముడి సంగతి. 1966 చట్టం కంటే ముందు ఆయన మీదికి వచ్చేవి 1964 నాటి ప్రవర్తనా నియమాలు. ప్రభుత్వ ఉద్యోగులందరికీ ఇవి ఉన్నాయి. శాసనసభకైనా, స్థానిక సంస్థకైనా జరిగే ఎన్నికల్లో ప్రచారం చేయకూడదు, పలుకుబడి వాడకూడదు. ఓటు వేసుకోవచ్చు గానీ ఎవరికి వేశాడో, వేయబోతున్నాడో బయటపెట్టకూడదు. ఇదే కాలపు కేంద్ర ఉద్యోగుల నియమాల్లో అయితే ఒంటి మీద, బండి మీద, ఇంటి మీద ఎన్నికల గుర్తు పెట్టుకున్నా పలుకుబడి వాడినట్టే లెక్క అని విడమరిచి రాశారు. అప్పట్లో బండి, ఇల్లు. ఇప్పుడు ఫోన్.


ట్రంక్ రోడ్డు
రాత్రి 10.20

లాయరు గారూ, ఒక్క మాట. ఉద్యోగి తన సర్వీసు విషయాల్లో రాజకీయ నాయకుల చేత పైవాళ్ల మీద ఒత్తిడి తేకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది కదా? మరి నాయకుల లెటర్ లేకుండా పోస్టింగ్ తెచ్చుకున్న ఎస్సైని నాకొక్కణ్ణి చూపించండి, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా. స్టేటస్ పెట్టినవాడికి మెమో, లెటర్ తెచ్చినవాడికి స్టేషన్.


కోర్టు వరండా
రాత్రి 10.26

ఉంది. నేను కాదనలేదు. మీరు మరీ ఒక్కణ్ణి చూపించమంటే మాత్రం నలుగురైదుగురిని చూపిస్తాను. చెంబు సిద్ధం చేసుకోండి.


మోడరేటర్
రాత్రి 10.40

పార్టీ పేర్లు, స్టేషన్ పేర్లు, అధికారుల పేర్లు రాయొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.


బుచ్చి రైతు
ఉదయం 6.15

రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. మీ తమ్ముడు మంచోడే అయ్యుండొచ్చు అమ్మా, నేను ఆయన్ను ఏమీ అనడం లేదు. నాకు జరిగింది చెప్తాను.

నాలుగేళ్ల కిందట మా పొలం గట్టు పక్కనాయన దున్నేశాడు. కంప్లయింట్ ఇద్దామని పోయాను. ఏ స్టేషన్ అనేది వద్దు. టేబుల్ దగ్గర కుర్ర కానిస్టేబుల్ ఉన్నాడు. మర్యాదగా కూర్చోమన్నాడు, నీళ్లు కూడా ఇచ్చాడు. కాగితం రాసుకుంటుండగా ఆయన ఫోన్ మోగింది. ఫోన్ వెనక కవర్ మీద నాయకుడి బొమ్మ. మా గట్టు దున్నినాయన తిరిగేది ఆ నాయకుడి వెంటే. నా నోట్లోంచి మాట రాలేదు. "మళ్లీ వస్తానయ్యా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఆ పిల్లోడు న్యాయమే చేసేవాడేమో. నాకెట్టా తెలుస్తుంది? నాకు కనపడింది ఆ కవరొక్కటే. గట్టు ఇప్పటికీ అట్టానే ఉంది.


సంగం అక్క
ఉదయం 7.02

అన్నా, మీ పోస్టు మా తమ్ముడికి చదివి వినిపించాను. టిఫిన్ తింటున్నవాడు ఆగిపోయాడు. ఏమీ అనలేదు.


కావలి కుర్రోడు
ఉదయం 8.10

ఫోన్ కవర్, స్టేటస్ ఇవన్నీ దేనికి బాబాయ్, మన దగ్గర ఇంటిపేరు చెప్తే చాలదా? ఇంటిపేరు వినగానే కులం, కులం వినగానే పార్టీ, మనమే లెక్క కట్టేస్తాం. కానిస్టేబుల్ నోరు తెరవకపోయినా వాడి పార్టీ ఏదో స్టేషన్‌కి వచ్చేవాళ్లే రాసిపెట్టేస్తారు. అలాంటప్పుడు ఈ రూల్ ఎవర్ని కాపాడుతుంది?


పాత లాఠీ
ఉదయం 10.30

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. 1986లో చేరాను. కళ్లు కనపడవు, మనవరాలు టైపు చేస్తోంది, అక్షరాలు తప్పయితే దాన్ని అనండి.

కావలి అబ్బాయి చెప్పింది నిజమే, ఇంటిపేరు దాచుకోలేం. అందుకే మిగతావన్నీ దాచుకోవాలి. మేము చేరేనాటికి ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టి నాలుగేళ్లు. బ్యారక్‌లో సగం మంది ఆయన అభిమానులే. మా పక్క మంచం ఆయన ట్రంకు పెట్టె మూత లోపలి వైపు రామారావు గారి బొమ్మ అంటించుకున్నాడు. పొద్దున పెట్టె తెరిచినప్పుడు దండం పెట్టుకునేవాడు, మూత వేసి డ్యూటీకి పోయేవాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన డీఎస్పీ గారు ఒకసారి చూసి కూడా ఏమీ అనలేదు. మూత వేసి ఉంది కాబట్టి. ఇప్పటి పిల్లలకు ఆ మూత లేదు.

ఇంకొకటి. 1992, సారా ఉద్యమం. దూబగుంట రోశమ్మ పేరు మీరంతా వినే ఉంటారు. ఊరూరా ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించేస్తున్నారు. నెల్లూరులో సారా వేలం పాటలు పెడితే వేలమంది వచ్చి అడ్డం కూర్చున్నారు. వాయిదా మీద వాయిదా. వేలం జరిగేట్టు చూడటం మా డ్యూటీ. తాడు పట్టుకుని వరుసగా నిలబడ్డాం. ఎండ చూస్తే మాడు పగిలేట్టుంది. నా ఎదురుగా ఒక ముసలామె, చేతిలో చీపురు. గంటసేపు నా మొహంలోకే చూసి, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మజ్జిగ చెంబు నా చేతికిచ్చి "నీ ఇంట్లో తాగేవాళ్లు లేరా నాయనా?" అంది.

ఉన్నాడు. మా నాయన. ఆ ఏడే లివరు చెడి పోయాడు.

చెంబు తిరిగిచ్చాను. జవాబు చెప్పలేదు. వరుసలోంచి కదల్లేదు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో సారా ఆపేశారు, అక్టోబరు నుంచి రాష్ట్రమంతా. ఆ వార్త విన్న రోజు రాత్రి డ్యూటీ దిగాక ఇంటికొచ్చి మా అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. అంతకుముందు ఎక్కడా కంట తడి పెట్టలేదు. ఆ రోజు ముసలామెకి జవాబు చెప్పి ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.


ఉదయగిరి టు డల్లాస్
ఉదయం 11.45

పెద్దాయనా, మీ పోస్టు చదివి బాత్రూమ్‌కి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, పోలికకి పనికొస్తుంది. 1981లో ప్రెసిడెంట్ రీగన్ మీద కాల్పులు జరిగాయి. మా టెక్సాస్‌లోనే, హారిస్ కౌంటీ కానిస్టేబుల్ ఆఫీసులో పందొమ్మిదేళ్ల అమ్మాయి పనిచేస్తోంది. కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పని. రేడియోలో వార్త విని పక్కనున్న తోటి ఉద్యోగితో, మళ్లీ ఎవరన్నా ప్రయత్నిస్తే ఈసారి గురి తప్పకూడదు అన్న అర్థం వచ్చేట్టు ఒక మాట అంది. ఇంకొకరు విని పైకి చేరవేశారు. ఉద్యోగం ఊడింది. సుప్రీంకోర్టు దాకా పోయింది. 1987లో 5-4 తేడాతో ఆ అమ్మాయే గెలిచింది.

ఎందుకు గెలిచిందో చూడండి. మాటలో రాజకీయం ఉంది. నాలుగు గోడల మధ్య అంది, ఆఫీసు పని ఆగలేదు, జనంతో పనిలేని గుమాస్తా పని ఆమెది. తుపాకి పట్టుకుని జనం మధ్య తిరిగే డిప్యూటీ అయి ఉంటే కోర్టు ఇలాగే చెప్పేదా అనేది నా డౌటు. మాట ఒకటే, కుర్చీ మారితే బరువు మారుతుంది. ఇక్కడ మా ఊళ్లో పోలీసాయన యూనిఫాం విప్పి, డ్యూటీ లేనప్పుడు నచ్చిన అభ్యర్థి బోర్డు ఇంటి ముందు పాతుకుంటాడు. పొద్దున అదే మనిషి నా కారు ఆపితే నాకు ఏమీ అనిపించదు. నెల్లూరులో అయితే అనిపించేది. ఎందుకో మీరే చెప్పాలి.


ట్రంక్ రోడ్డు
మధ్యాహ్నం 12.03

ఎందుకంటే అక్కడ ఆ బోర్డు చూసి ఎవరూ ఆయన్ను ట్రాన్స్‌ఫర్ చేయించరు బ్రదర్. ఇక్కడ ప్రభుత్వం మారిన నెలలో ఏ స్టేషన్‌లో ఎవరున్నారో లిస్టు చూడు. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కి కనీసం రెండేళ్లు కదపకుండా ఉంచమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. రెండేళ్లంటే మనవాళ్లు రెండు ప్రభుత్వాలు అనుకున్నారేమో, ఏం చెప్పను.


కొత్త ఖాకీ
మధ్యాహ్నం 2.20

నేనూ అదే శాఖ. ఊరు, పేరు వద్దు. నా బాధ వేరే. ఏడో క్లాసు నుంచి ఒక హీరో అభిమానిని. సినిమా రిలీజు రోజు పాలాభిషేకాలు చేసిన బ్యాచ్. ఆయన తర్వాత పార్టీ పెట్టాడు. ఇప్పుడు ఆయన పుట్టినరోజుకి స్టేటస్ పెడితే సినిమాకా, రాజకీయానికా? ట్రైలర్ వచ్చినా టెన్షనే. పోయినసారి అయిదు నిమిషాలు పెట్టి తీసేశాను, అయిదు నిమిషాల్లో తొమ్మిది మంది చూశారు. ఆ తొమ్మిది మంది పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అక్కా, మీ తమ్ముడి పరిస్థితి నాకు బాగా తెలుసు.


కోర్టు వరండా
మధ్యాహ్నం 3.10

ఖాకీ తమ్ముడూ, ట్రైలర్‌కి ఎవరూ మెమో ఇవ్వరనుకుంటా. ట్రైలర్ కింద 'కాబోయే సీఎం' అని రాస్తే ఇస్తారు. యూనిఫాంలో రీల్స్ జోలికి మాత్రం పోకు. ఉత్తరప్రదేశ్‌లో 2023లో దాని మీదే ఒక పాలసీ తెచ్చారు. మిగతా రాష్ట్రాల అధికారులకూ దాని మీద కన్నుంది.

డల్లాస్ గారి పోలిక బాగుంది. మన దగ్గరా అలాంటిది ఒకటుంది. 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఒక మత్స్యశాఖ ఉద్యోగిని కేసులో తీర్పిచ్చింది. రిటైర్‌మెంట్‌కి నాలుగు రోజుల ముందు ఆమెను సస్పెండ్ చేశారు. ఒక పార్టీ ర్యాలీలో కనపడిందని, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిందని. ర్యాలీ దగ్గర ఉండటం వేరు, ర్యాలీలో పాల్గొనడం వేరు అని, ఉద్యోగి అయినంత మాత్రాన భావాలు చెప్పుకునే హక్కు పోదని కోర్టు అంది. ఆ వాదన నేనూ వాడతాను. కానీ చేపల శాఖ ఉద్యోగికి 1966 చట్టం లేదు. పోలీసుకు ఉంది. మన దగ్గర యూనిఫాం విప్పినా పోలీసు పోలీసే.

ఇంకొక సంగతి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలైతే ఇంకా కఠినం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 129వ సెక్షన్ పోలీసుల పేరెత్తి మరీ చెప్తుంది, ఎవరి ఓటునీ ప్రభావితం చేయబోవద్దని. ఆర్నెల్ల వరకు జైలు. పైగా ఎన్నికల పనిలో పెట్టిన పోలీసులు ఆ కొద్ది వారాలు ఎన్నికల సంఘం అదుపులోకి పోతారు. 2024 ఏప్రిల్‌లో మన ప్రకాశం, నెల్లూరు ఎస్పీలను కూడా సంఘం మార్చింది కదా, గుర్తుందా. అక్కగారి మామయ్యది స్థానిక ఎన్నిక కాబట్టి ఆ సెక్షన్ రాదు.

సంజాయిషీ ఎలా రాయాలంటే: ఫోన్ ఎవరో వాడారని, హ్యాక్ అయిందని రాయొద్దు. దానికే ఎక్కువ మంది దొరికిపోతారు. నేనే పెట్టాను, ఆయన మా అమ్మ తమ్ముడు, ఓటు అడగలేదు, ర్యాలీకి పోలేదు (ఆ రోజు డ్యూటీ రికార్డు జత చేయండి), తప్పని తెలిసి తీసేశాను, ఇక జరగదు. ఒక పేజీ దాటొద్దు. కావలి తమ్ముడి రాజ్యాంగం అందులో వద్దు.


కావలి కుర్రోడు
మధ్యాహ్నం 3.14

సరే లాయరు గారూ, రాజ్యాంగం నా దగ్గరే ఉంచుకుంటా.


పాత లాఠీ
సాయంత్రం 5.00

రొట్టెల పండుగ బందోబస్తుకి స్వర్ణాల చెరువు దగ్గర చాలా ఏళ్లు నిలబడ్డాను. ఏ కోరిక ఉంటే ఆ రొట్టె పట్టుకోవడం కదా, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, అన్నీ ఉంటాయి. డ్యూటీ దిగి మఫ్టీలో పోయి ప్రమోషన్ రొట్టె పట్టినవాళ్లను చూశాను, బదిలీ ఆగే రొట్టె పట్టినవాళ్లను చూశాను. నోటి రొట్టె మాత్రం ఎవరూ పెట్టలేదు. పెడితే ఈసారి మీ తమ్ముడిని పంపమ్మా, ఆయన వెనకాలే ఈ కొత్త ఖాకీ అబ్బాయి.


సంగం అక్క
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 8.50

అందరికీ చెప్పాలని వచ్చాను. లాయరు గారు చెప్పినట్టే రాసిచ్చాడు. ఒక పేజీ. పిలిచి కూర్చోబెట్టకుండా పది నిమిషాలు మాట్లాడారట, ఇకమీదట జాగ్రత్త అని హెచ్చరించి వదిలేశారు. ఇంక్రిమెంట్ జోలికి పోలేదు.

ఈ మధ్యలో ఒక గొడవ జరిగింది. మెమో సంగతి మామయ్యకు తెలిసి "నేను పైవాళ్లతో ఒక్క మాట చెప్పిస్తా, చించి పారేస్తారు" అన్నాడు. ఫోన్ కూడా తీశాడు. తమ్ముడు ఆ ఫోన్ పట్టుకుని ఆపాడు. "చెప్పిస్తే నిజంగానే మీ మనిషినైపోతా మామా" అన్నాడు. మామయ్య మొహం మాడిపోయింది. అత్తయ్య మధ్యలోకి వచ్చి భోజనాలకు లేపింది.

మొన్న మామయ్య సభకే మావాడికి బందోబస్తు పడింది. కావాలని వేశారా, అలా కలిసొచ్చిందా తెలియదు. స్టేజీ పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాడు. మామయ్య మనుషులు "అల్లుడూ అల్లుడూ" అని పిలుస్తుంటే "సార్, పక్కకు జరగండి" అన్నాడట అందరితో. మామయ్యతోనూ అదే మాట. మామయ్య జరిగాడు. రెండు రోజులు మా ఇంటికి ఫోన్ చేయలేదు.

బుచ్చి రైతు అన్నా, మీ గట్టు సంగతి మావాడు అడుగుతున్నాడు. స్టేషన్ కంటే ముందు మండల సర్వేయర్ చేత కొలిపించి, హద్దు రాళ్లు పడ్డాక కంప్లయింట్ ఇవ్వమన్నాడు. అప్పుడు టేబుల్ దగ్గర ఎవరున్నా కాగితం మాట్లాడుతుందట.


బుచ్చి రైతు
రాత్రి 9.30

సర్వే ఫీజు కట్టి నాలుగు రోజులైంది అమ్మా. ఆయన వస్తే చెప్తా.


కొత్త ఖాకీ
రాత్రి 9.41

అక్కా, ఇంతకీ ఆ 143 మందిలో స్క్రీన్‌షాట్ తీసింది ఎవరో తెలిసిందా?


సంగం అక్క
రాత్రి 9.44

తెలిసింది. వచ్చే నెల వాళ్లింట్లో పెళ్లి ఉంది, చీర కూడా కొన్నాను. అందుకని ఇక్కడ చెప్పను.